నర్సు విద్యకు చెల్లించిన వెల

ఇంటర్మీడియటు పరీక్షల ఫలితములు వెలువడు దినములలో మన తెలుగునాట అనేక గృహములందు ఒకే ప్రసంగము వినవచ్చుచుండును. పిల్ల యేమి చదువవలెను? ఆ చదువునకు ఎంత వ్యయమగును? గడచిన వేసవిలో మాకు పరిచితుడైన ఒక కౌలురైతు తన కుమార్తెను వెంటబెట్టుకొని, భార్యాసమేతుడై మా యింటికి వచ్చెను. బాలిక బై.పి.సి. ముగించినది. నర్సు కావలెనని పట్టుపట్టినది. "ఫీజు తక్కువ ఉన్న స్కూలేదో చెప్పండి బాబూ, మిగతాది నేను ఎట్లాగో చూసుకుంటాను" అని తండ్రి యడిగెను. గడపదగ్గర కూర్చున్న తల్లి మాత్రము, "రాత్రిపూట డ్యూటీలంటండీ. ఊరూ పేరూ తెలియనివాళ్ల మంచాల దగ్గర ఊడిగం. రేపు దానికి సంబంధం ఎవరు తెస్తారు?" అని మెల్లగా ననెను.

ఒకరిది రూకల చింత. మరియొకరిది పరువు చింత. ఈ రెండు చింతలును క్రొత్తవి కావు. నర్సు విద్య పుట్టిననాటినుండియు అవి దానిని వెన్నంటియే యున్నవి. ఏ కాలమున ఎవరు ఈ విద్యకు వెల చెల్లించిరి, ఏ నాణెముతో చెల్లించిరి అను విషయమును పరిశీలించినచో, నేడు పాఠశాలను ఎన్నుకొనువారికి కొంత వెలుగు లభింపవచ్చును. ఆ దినమున ఆ దంపతులకు మేము చెప్పిన మాటలనే కొంత విస్తరించి యిచట విన్నవించుచున్నాము.

రోగికి సేవ చేయువాని స్థానమును మన పూర్వులు ఎరుగకపోలేదు. చరకసంహిత చికిత్సకు నాలుగు పాదములను చెప్పినది: వైద్యుడు, ఔషధము, పరిచారకుడు, రోగి. పరిచారకునికి ఉండవలసిన గుణములును నాలుగే: ఉపచారము నెరిగియుండుట, నేర్పు, రోగియందు అనురాగము, శుచిత్వము. నేటి నర్సింగు గ్రంథములు వేయి పుటలలో చెప్పునదియు స్థూలముగా ఈ నాలుగింటి విస్తరణమే. కాని ఆ గుణములను నేర్పు పాఠశాల ఏది? నేర్చువాని పోషణ మెవరిది? ఈ ప్రశ్నలకు ప్రాచీన గ్రంథములలో మనకు సమాధానము దొరకదు. గృహములో తల్లి, అక్క, కోడలు చేయు సేవకు వెల కట్టు ఆచారము ఏ దేశమునను లేదు. పరిచర్య ఒక వృత్తిగా, ఒక విద్యగా ఏర్పడుట పందొమ్మిదవ శతాబ్దపు విషయము.

అంతకుముందు ఇంగ్లండు ఆసుపత్రులలో నర్సు అనగా ఎవరు? మరి యే జీవనాధారమును లేక, గిన్నెలు తోము పనితోపాటు రోగుల పనియు చేయు స్త్రీ. చార్లెసు డికెన్సు 1843–44లో ప్రకటించిన నవలలో సైరీ గ్యాంపు అను నర్సు పాత్ర తాగుబోతుగా, స్వార్థపరురాలుగా చిత్రింపబడినది. ఆ చిత్రణలో అతిశయోక్తి యుండవచ్చును. కాని చదువరులు దానిని చూచి నవ్విరేగాని, అది అన్యాయమని ఎవరును పెద్దగా వాదింపలేదు. కావుననే 1845లో ఫ్లారెన్సు నైటింగేలు అను సంపన్న కుటుంబపు యువతి, సమీపమందలి సాలిస్‌బరీ ఆసుపత్రికి పోయి పరిచర్య నేర్చుకొందునని అడిగినప్పుడు ఆమె తల్లిదండ్రులు నిర్ఘాంతపోయిరి. మన కౌలురైతు భార్య వెలిబుచ్చిన సంశయమే ఆ భాగ్యవంతుల గృహమునను వెలువడినది. ఆమెకు అనుమతి లభింపలేదు.

ఆరేండ్లు గడచిన పిదప, 1851లో, ఆమె జర్మనీ దేశమందలి కైజర్స్‌వెర్తు గ్రామమునకు పోయి మూడు నెలలు శిక్షణ పొందగలిగెను. అచట థియొడొరు ఫ్లీడ్నరు అను మతగురువు 1836లో ఒక చిన్న ఆసుపత్రిని, దానితోపాటు పరిచారికల సంస్థను స్థాపించియుండెను. అచట చేరు గ్రామీణ యువతులు రుసుము చెల్లింపనక్కరలేదు. కాని వారికి జీతమును లేదు. సంస్థవారు ఆహారము, వస్త్రము, చేతిఖర్చు ఇచ్చి, వార్ధక్యమున ఆదరించుట; ఆమె తన జీవితమును సంస్థకు అర్పించుట: ఇదియే ఒడంబడిక. నర్సు విద్యకు చెల్లింపబడిన మొదటి నాణెము ఇట్లు జీవితమే అయినది.

1854 అక్టోబరులో నైటింగేలు 38 మంది నర్సులతో బయలుదేరి క్రిమియా యుద్ధమున గాయపడిన సైనికులకై స్కుటారీ ఆసుపత్రికి పోయిన కథ సర్వజన విదితము. కాని మన విషయమునకు అంతకంటె ముఖ్యమైనది, ఆ యుద్ధము సాగుచుండగనే 1855 నవంబరులో లండనులో ఆమె పేరిట ఆరంభమైన నిధి. సుమారు 45,000 పౌండ్లు పోగయ్యెను. అందులో దాదాపు 9,000 పౌండ్లు సైనికులే తమ వేతనములనుండి ఇచ్చిరి. ఆ ధనముతో 1860 వేసవిలో సెయింటు థామసు ఆసుపత్రియందు నైటింగేలు పాఠశాల 15 మంది విద్యార్థినులతో ప్రారంభింపబడెను.

ఆ పాఠశాల ఏర్పాటు గమనింపదగినది. ఇరువది యైదు మొదలు ముప్పది యైదేండ్ల వయసుగల స్త్రీలను చేర్చుకొనెడివారు. శిక్షణ ఒక సంవత్సరము. భోజనము, వసతి, బట్టల ఉతుకుడు ఉచితము. పైగా సంవత్సరమునకు 10 పౌండ్ల చేతిఖర్చు. విద్యార్థిని ఒక్క కాసైనను చెల్లింపనక్కరలేదు. అందులకు ప్రతిగా ఆమె వార్డులో పని చేయవలెను. శిక్షణానంతరము నిధివారు పంపిన ఆసుపత్రిలో కొన్ని సంవత్సరములు ఉద్యోగము చేయుదునని అంగీకరింపవలెను. మేట్రనుగా నుండిన శ్రీమతి వార్డ్రోపరు ప్రతి విద్యార్థినిని గూర్చియు, కాలనియమము, శాంతము, నమ్మకము, పరిశుభ్రత మున్నగు శీర్షికల క్రింద ప్రతి మాసమును పట్టిక వ్రాసెడిది. పేద బాలిక యోగ్యత పొంది గౌరవముగా బ్రదుకుటకు ఇట్టి ద్వారము లోకములో అంతకుముందు లేదు.

అయితే ఉచితమను మాట వెనుక దాగియున్న ఒక లోపము కొలది కాలములోనే బయటపడెను. పదిపండ్రెండేండ్లు గడచిన పిదప నైటింగేలు స్వయముగా విచారింపగా, విద్యార్థినులకు చెప్పవలసిన పాఠములు సరిగా చెప్పుట లేదనియు, వారిని వార్డులలో చౌకగా దొరకిన పనివారివలె వాడుకొనుచున్నారనియు తేలెను. ఆమె ఎంతయో కలత చెందెను. వెంటనే, విద్యార్థినుల వసతిగృహమున ఉండి పాఠములను పర్యవేక్షించు హోమ్ సిస్టరను పదవిని ఏర్పరచి, శిక్షణను చక్కదిద్దుటకు పూనుకొనెను. పాఠకులు దీనిని జ్ఞప్తియందుంచుకొనవలెను. రుసుము లేని పాఠశాలయు పాఠము చెప్పనిచో మిక్కిలి ఖరీదైన పాఠశాలయే. స్వయముగా నైటింగేలు పేరు వహించిన సంస్థయందే ఇట్లు జరిగినప్పుడు ఇతర సంస్థల మాట చెప్పనేల?

అదే పాఠశాలలో 1867 మొదలు తమ భోజనవసతుల వ్యయమును తామే భరించు ఉన్నత కుటుంబపు స్త్రీలను ప్రత్యేక విద్యార్థినులుగా చేర్చుకొనసాగిరి. వారు సంవత్సరమునకు 30 పౌండ్లు చెల్లించెడివారు. మేట్రను పదవులకు వారినే సిద్ధము చేయుచుండిరి. పేద విద్యార్థినికి 10 పౌండ్లు ఇచ్చి నర్సును చేయుట, కలిగిన విద్యార్థినివద్ద 30 పౌండ్లు పుచ్చుకొని అధికారిణిని చేయుట: ఈ రెండు మెట్ల పద్ధతి ఆ నాడే పుట్టినది. నర్సు విద్యలో ధనమను నాణెము ప్రవేశించుటకు అది నాంది యని చెప్పవచ్చును.

శిక్షణ పొందినవారెవరు, పొందనివారెవరు అని ప్రజలు తెలిసికొనుట ఎట్లు? ఈ ప్రశ్ననుండి రిజిస్ట్రేషను పుట్టినది. 1901లో న్యూజీలాండు దేశము నర్సులకై ప్రత్యేక చట్టము చేసి, లోకమునకు మార్గము చూపెను. ఇంగ్లండులో 1919 వరకును అది సాధ్యము కాలేదు. చిత్రమేమనగా, నైటింగేలే దానిని వ్యతిరేకించినవారిలో ఒకరు. మంచి నర్సును పరీక్ష వ్రాయించి తేల్చలేమని ఆమె నమ్మకము. ఆ నమ్మకములో సత్యము లేకపోలేదు. అయినను ఊరు పేరు తెలియని రోగికి పట్టాయే కదా ఆధారము!

ఇక మన దేశమునకు వత్తము. ఇచట మొదట గుర్తింపబడిన అవసరము ప్రసూతి విషయమైనది. మద్రాసులో 1844లో ప్రసవాల ఆసుపత్రి ఏర్పడెను. 1854లో మంత్రసానులకు శిక్షణ నిచ్చు పాఠశాలకు ప్రభుత్వము అనుమతి నొసగెను. 1871లో మద్రాసు జనరల్ ఆసుపత్రిలో నర్సుల శిక్షణ మొదలయ్యెను. ప్రభుత్వాసుపత్రులలో ఇట్టి శిక్షణకు అదియే తొలిమెట్టని చెప్పుదురు. మనవారు నేడును ఆ పట్టణపు పెద్దాసుపత్రిని తలచుకొందురు. తెలుగు జిల్లాలన్నియు ఆ నాడు దానివైపే చూచుచుండెడివి. కాని ఆరంభదశలో ఆ శిక్షణకు వచ్చినవారు ఎక్కువగా ఐరోపీయ, ఆంగ్లో ఇండియను స్త్రీలే. మన గృహములనుండి బాలికలు పోలేదు. 1885లో లేడీ డఫరిను ఏర్పరచిన నిధి, వైద్యురాండ్రతోపాటు శిక్షితులైన నర్సులను సమకూర్చుటయు తన ఆశయములలో ఒకటిగా ప్రకటించెను. 1888లో పదిమంది ఆంగ్ల నర్సులు బొంబాయిలో దిగి సైనికాసుపత్రులలో చేరిరి. వారి సేవ బ్రిటిషు సైనికులకు మాత్రమే. నేటి మిలిటరీ నర్సింగు సర్వీసుకు అదియే మూలము.

మన స్త్రీలు ఏల పోలేదు? అక్షరాస్యత లేమి ఒక కారణము. ఘోషా, కులాచారము, అంటు, పరపురుషుని శరీరమును తాకవలెనను సంకోచము, రాత్రి కాపలా, వివాహభయము ఇతర కారణములు. పై కులములవారు గీచిన ఈ గిరికి వెలుపలనున్నవారే మొదట ముందుకు వచ్చిరి. క్రైస్తవ మిషను ఆసుపత్రులలో శిక్షణ పొందిన తొలి తెలుగు నర్సులలో అనేకులు, గ్రామములలో బావినీరు ముట్టనీయక వెలివేయబడిన కుటుంబములనుండి వచ్చినవారు. తనను తాకరాదన్న సమాజమునకు రోగము వచ్చినప్పుడు, ఆ సమాజమును తాకి సేవచేసినది వారి చేయి. ఈ సంగతిని మన చరిత్రకారులు తగినంతగా వ్రాయలేదు.

గుంటూరులో డాక్టరు అన్నా కుగ్లరు 1883లో వచ్చి వైద్యసేవ ఆరంభించి, 1898లో స్త్రీల ఆసుపత్రిని తెరచెను. ఆ ఆసుపత్రి కొన్ని తరములపాటు పరిసర జిల్లాల స్త్రీలకు ఆశ్రయమైనది. వెల్లూరులో డాక్టరు ఐడా స్కడ్డరు 1909లో నర్సుల పాఠశాలను ప్రారంభించెను. మిషను పాఠశాలల పద్ధతి స్థూలముగా నైటింగేలు పద్ధతియే: రుసుము స్వల్పము లేదా శూన్యము; ఆహారము, వసతి సంస్థవి; పని విద్యార్థినిది. రేయింబవళ్లు వార్డులో శ్రమించుటయే ఆమె చెల్లించు రుసుము. శ్రమ యను నాణెమిది.

హిందూ గృహములనుండి స్త్రీలను తెచ్చుటకు మరియొక త్రోవ త్రొక్కినవారు పూనా సేవాసదనమువారు. 1909లో స్థాపితమైన ఆ సంస్థకు రమాబాయి రనడే అధ్యక్షురాలు. గోపాలకృష్ణ దేవధరు ఆమెకు కుడిభుజము. వారు యువవితంతువులకు నచ్చజెప్పి, వారి బంధువులకు నచ్చజెప్పి, సాసూను ఆసుపత్రిలో నర్సు శిక్షణకు పంపిరి. వారికై వేరుగా వసతిగృహము నడపిరి. తల్లిదండ్రుల భయము రుసుమును గూర్చి కాదు, పిల్ల ఎచట పడుకొనును, ఎవరి చేతివంట తినును అనుటయే అని వారు గ్రహించిరి. ఒక మంచి వసతిగృహము వేయి ఉపన్యాసముల పని చేసినది.

చట్టపు విషయమున మన రాజధానియే ముందంజ వేసినది. 1908లో శిక్షిత నర్సుల సంఘము దేశమున ఏర్పడి, రిజిస్ట్రేషను కావలెనని కోరుచుండెను. 1926లో మద్రాసు ప్రభుత్వము నర్సుల, మంత్రసానుల చట్టమును చేసి కౌన్సిలును నెలకొల్పెను. నాటినుండి తెలుగు జిల్లాల నర్సులకు పట్టాతోపాటు పట్టికలో పేరును కావలసి వచ్చెను.

అయినను స్వాతంత్ర్యము సమీపించునాటికి మన స్థితి ఎట్లుండెను? 1943లో నియమితమై 1946లో నివేదిక సమర్పించిన భోరు సంఘము లెక్క తీసినది. ముప్పదికోట్ల జనమునకు నర్సులు సుమారు 7,000 మంది. అనగా 43,000 మందికి ఒక్క నర్సు. అదే కాలమున బ్రిటనులో 300 మందికి ఒక నర్సు కలదు. ఒక తాలూకాలోని గ్రామములన్నిటికిని కలిపి ఇద్దరు ముగ్గురు నర్సులున్నారన్నమాట. వారి వసతి హీనము, వేతనము అల్పము, పని అధికము అనియు ఆ సంఘము స్పష్టముగా వ్రాసినది. బాలికలు రాకుండుటకు వారి తల్లిదండ్రుల మూఢత్వమే కారణమని నిందించుట అందరికిని సులభము. కాని వచ్చినవారిని మనమెట్లు చూచితిమి అను ప్రశ్నకు ఆ నివేదిక అద్దము పట్టినది.

ఆ మీద మార్పులు వేగముగా వచ్చినవి. 1946లో ఢిల్లీయందును వెల్లూరునందును నర్సింగులో బి.యస్‌సి. తరగతులు ప్రారంభమయ్యెను. 1947లో భారత నర్సింగు కౌన్సిలు చట్టము వచ్చినది. 1951లో, సంపూర్ణ నర్సు శిక్షణకు తగిన చదువు లేని బాలికలకై సహాయక నర్సు మంత్రసాని, అనగా మన పల్లెలలో ఏ.ఎన్.ఎం. అని పిలువబడు శిక్షణ ఆరంభమయ్యెను. మద్రాసు ఆరోగ్యమంత్రిగా నుండిన ఏ.బి. శెట్టి అధ్యక్షతన 1954లో ఒక సంఘము నర్సుల వేతన వసతులను విచారించెను. ప్రభుత్వ పాఠశాలలలో విద్యార్థినికి ప్రతి మాసమును ఉపకారవేతన మిచ్చు ఏర్పాటు స్థిరపడెను. విద్యకు వెల చెల్లించు భారము ఇట్లు ప్రభుత్వముపై, అనగా ప్రజలందరిపై పడినది.

ఈ సందర్భమున మన దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారిని స్మరింపకుండుట అకృతజ్ఞత యగును. 1909లో రాజమహేంద్రవరమున జన్మించిన ఆమె, 1937లో మద్రాసులో ఆంధ్ర మహిళా సభను నెలకొల్పెను. బాల్యమున చదువు తప్పిన స్త్రీలకు బనారసు మెట్రిక్యులేషను పరీక్షకు పాఠములు చెప్పుటతో ఆ సభ పని మొదలైనది. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డునకు ప్రథమాధ్యక్షురాలైన పిదప ఆమె ఒక చిక్కును గమనించెను. గ్రామములకు నర్సులు, మంత్రసానులు, ఉపాధ్యాయినులు కావలెను, ఉద్యోగములు కలవు, కాని వానికి చాలినంత చదువుకొన్న గ్రామస్త్రీలు లేరు. పనికొరకు అలమటించు వితంతువులు, భర్తలు విడిచినవారు మాత్రము ప్రతి గ్రామమునను కలరు. వారికి రెండేండ్లలో మెట్రిక్యులేషను స్థాయి చదువు చెప్పించు సంక్షిప్త విద్యాపథకమును ఆమె 1958లో ఆరంభింపజేసెను. నర్సు పాఠశాల ఉచితమైనను, దాని గడప వరకు చేర్చు మెట్లు లేనిచో పేద స్త్రీకి దాని వలన ప్రయోజనము లేదని గ్రహించి, ఆ మెట్లను కట్టినది ఆమె. తామును చిన్ననాటి పెండ్లి బంధమునుండి వెలువడి, ఆలస్యముగా పరీక్షలు వ్రాసి, న్యాయవాదియైన వ్యక్తి యగుటచే ఆమెకు ఆ మర్మము తెలిసినది.

తరువాతి చరిత్ర పాఠకులలో అనేకుల అనుభవమే. కేరళ కుటుంబములు సంకోచము విడిచి తమ కుమార్తెలను ఈ వృత్తికి పంపినవి. వారు హైదరాబాదు మొదలుగాగల నగరముల ఆసుపత్రులను నిలిపి, విదేశములకును పోయి, ఇండ్లు కట్టిరి, తమ్ములను చదివించిరి. మనవారు అది చూచి కొంత ఆలస్యముగా మేల్కొనిరి. 1990 తరువాతి దశాబ్దములలో తెలుగునాట ప్రైవేటు నర్సింగు పాఠశాలలు, కళాశాలలు విరివిగా వెలసినవి. 1986లో విజయవాడయందు ఏర్పడిన ఆరోగ్యవిజ్ఞాన విశ్వవిద్యాలయము, తెలంగాణ ఏర్పడిన తరువాత వరంగల్లునందు కాళోజీ పేర వెలసిన విశ్వవిద్యాలయము బి.యస్‌సి. నర్సింగు పట్టాల నిచ్చుచున్నవి. ద్వారములు పెరిగినవి. కాని శ్రమయు ఒడంబడికయు నాణెములుగా చెల్లిన చోట ఇప్పుడు రొక్కమే ప్రధాన నాణెమైనది. అప్పు చేసి చదివించిన తండ్రులు, చదువు ముగిసిన పిదప చిన్న ఆసుపత్రిలో వచ్చు జీతముతో వడ్డీయైనను తీరక తల పట్టుకొన్న ఉదంతములు మేమెరుగుదుము. 2016లో సుప్రీముకోర్టు ఆదేశమున ఏర్పడిన సంఘము, 50 పడకలకు లోపుగల ప్రైవేటు ఆసుపత్రిలోనైనను నర్సునకు నెలకు 20,000 రూపాయలకు తక్కువ ఈయరాదని సూచించినది. సూచించుట వేరు, చేతికందుట వేరు.

ఈ చరిత్రనుండి నేటి తల్లిదండ్రులు గ్రహింపవలసిన దేమి? మొదటిది, త్రోవలు మూడు కలవు. ఏ.ఎన్.ఎం. శిక్షణ రెండేండ్లు, జి.ఎన్.ఎం. డిప్లొమా మూడేండ్లు, బి.యస్‌సి. నాలుగేండ్లు. మొదటి రెంటికి ఇంటర్మీడియటు ఏ గ్రూపువారైనను అర్హులు. మూడవదానికి భౌతిక, రసాయన, జీవశాస్త్రములు చదివియుండవలెను. జి.ఎన్.ఎం. ముగించినవారు ఉద్యోగము చేసికొని, ధనము కూడిన పిదప రెండేండ్ల పోస్టు బేసిక్ బి.యస్‌సి. చదివి పట్టభద్రులు కావచ్చును. కావున తొలినాడే నాలుగేండ్ల వ్యయమును భరింపలేని కుటుంబము నిరాశ చెందనక్కరలేదు. మెట్లు ఒకటొకటిగా ఎక్కవచ్చును.

రెండవది, రుసుము తక్కువయని విన్నంతనే చేర్పింపరాదు. ఎక్కువయైనంత మాత్రమున మంచిదనియు భ్రమింపరాదు. ఆ పాఠశాలకు భారత నర్సింగు కౌన్సిలు గుర్తింపును, రాష్ట్ర కౌన్సిలు అనుమతియు కలవో లేవో పట్టికలో స్వయముగా చూడవలెను. గుర్తింపు లేని పాఠశాల ఎంత చౌకయైనను, దాని పట్టాతో రిజిస్ట్రేషను రాదు. రిజిస్ట్రేషను లేనిదే నర్సు కాజాలదు. 2023లో పార్లమెంటు నర్సింగు కమిషనును గూర్చి క్రొత్త చట్టము చేసియున్నది. అధికారము ఏ సంస్థ చేతికి వచ్చినను, గుర్తింపు చూచుకొను బాధ్యత మాత్రము మనదే.

మూడవది, ఆసుపత్రిని చూడవలెను. పాఠశాలకు సొంత ఆసుపత్రి కలదా? అందు పడకలే కాక రోగులును కలరా? రోగులు లేని ఆసుపత్రిలో పరిచర్య నేర్చుట, నీరు లేని చెరువులో ఈత నేర్చుటవంటిది. అట్లే, విద్యార్థినులను వార్డులో పనికి నిలిపి పాఠము మరచుచున్నారేమో కూడ విచారింపవలెను. నైటింగేలును కలవరపెట్టిన లోపము నేటికిని పూర్తిగా తొలగిపోలేదు. ఇందులకు ఉపాయము సులభము: అచట చదువుచున్న పై తరగతి విద్యార్థినులతో మాటలాడుట.

నాలుగవది, చెప్పని ఖర్చును అడిగి తెలిసికొనవలెను. వసతి, భోజనము, యూనిఫారము, పుస్తకములు, పరీక్ష రుసుము, దూరపు ఆసుపత్రులకు పోవు బస్సు ఖర్చు: ఇవి యన్నియు కలిపి లెక్క వేయవలెను. ప్రభుత్వ పాఠశాలలో సీటు దొరకినచో రుసుము స్వల్పము, ఉపకారవేతనమును కలదు. కనుక మొదటి దరఖాస్తు అచటికే. ప్రభుత్వముల ఫీజు రీయింబర్సుమెంటు, ఉపకారవేతనముల నిబంధనలు మారుచుండును గాన ఆ సంవత్సరపు ప్రకటనను చదువవలెను. మిలిటరీ నర్సింగు కళాశాలలలో చదువు ఉచితము, ప్రతిగా సైన్యమున సేవ చేయుదునని ఒడంబడిక వ్రాయవలెను. ఒడంబడిక తప్పు కాదు; అది నైటింగేలు నాటినుండి ఉన్నదే. కాని ఎన్ని సంవత్సరములు, ఎంత జీతమునకు, మానినచో ఏమి అను మూడింటిని చదువక సంతకము చేయరాదు. అసలు సర్టిఫికెట్లను తమవద్దనే అట్టిపెట్టుకొందుమను సంస్థను గూర్చి మిక్కిలి జాగ్రత్తగా నుండవలెను.

ఇంతయు విని ఆ రైతు వ్రేళ్లమీద లెక్కలు వేసికొనుచుండెను. బాలిక తన నోటుపుస్తకములో పాఠశాలల పేర్లు వ్రాసికొనుచుండెను. వారితో వచ్చిన ఒక దళారి చెప్పిన కళాశాల పేరు పట్టికలో కనబడలేదు. ఆ కళాశాలకు కట్టదలచిన బయానా వారి జేబులోనే మిగిలినది. మాకు ఆ దినమున కలిగిన సంతోషములలో అది యొకటి.

తల్లి మాత్రము చాలసేపు మౌనముగా నుండెను. "నీకు ఈ పిల్ల ఎచట పుట్టినదమ్మా?" అని మేమడిగితిమి. "పక్క ఊరి హెల్త్ సెంటర్లోనండి. డాక్టరమ్మ లేదు ఆ రాత్రి. వాన. నర్సమ్మ ఒక్కతే తెల్లవార్లూ నా దగ్గర కూర్చున్నది" అని చెప్పుచు ఆమె ఆగెను. మరల, "ఆవిడకీ ఒక అమ్మ ఉండే ఉంటుంది కదండీ, ఇంట్లో ఎదురుచూస్తూ" అనెను. అంతకుమించి ఆమె ఏమియు అనలేదు, మేమును అడుగలేదు.

వెళ్లునప్పుడు ఆమె గడప దాటుచు కూతురుతో, "ఆ హాస్టలు ఎట్లా ఉంటుందో నేనూ వచ్చి చూస్తాను. చూసినాకే కాగితాలు పెడదాం" అనెను. తండ్రి వేసిన లెక్కలన్నిటికంటెను ఆ మాట మాకు విలువైనదిగా తోచినది. పాఠశాలను ఎన్నుకొనుటలో మొదట చేయవలసిన పని కూడ అదియే కదా: స్వయముగా పోయి చూచుట.